మల్లెపొంగు రోడ్డు దాటిన వైనం

మా ఊరి బజారు నడిమధ్యన ఒక తెల్లగీత ఉంది. గీతకు ఇటు ఒక రాష్ట్రం, అటు ఇంకో రాష్ట్రం. మేము పిండి రుబ్బే షెడ్డు ఇటు, ఆడపిల్లల హాస్టలు అటు. మధ్యలో ఉన్న రోడ్డు ఎంతంటే, ఒక లారీ పోతుంటే ఎదురొచ్చే లారీ ఆగి తీరాలి. మా కోళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా రాష్ట్రాలు దాటుతూనే ఉంటాయి. వాటిని ఇంతవరకు ఏ కాగితమూ ఎవరూ అడగలేదు. మేమూ కోళ్ళమై పుట్టలేదే అని మా మాణిక్యం అక్కా నేనూ అనుకున్న రోజులున్నాయి.

మాణిక్యం అక్క నాకు తోటికోడలు. నా పేరు పేరిందేవి. ఇద్దరం కలిసి ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టాం. కాస్త నిలదొక్కుకున్నాక, పట్నంలో లెక్కలు రాసే ఆయన ఒకాయన ఎల్‌ఎల్‌పీ పెట్టుకోమని సలహా ఇచ్చాడు. "అంటే ఏంటండీ?" అని అడిగితే, "రేపు వ్యాపారం మునిగినా మీ ఇల్లు మునగదమ్మా" అన్నాడు. అంతకంటే ఏం కావాలి? "మల్లెపొంగు ఎల్‌ఎల్‌పీ" అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది అక్కే. రేకు బోర్డు రాయించి షెడ్డుకు తగిలించిన రోజున దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, చుట్టూ దిష్టి తీసింది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలి. మా అక్కకు పిల్లలు లేరు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో సీమంతం జరిగితే వంటింట్లో గారెలు వేసే పని అక్కది, హారతిచ్చే పని ఇంకొకరిది. ఎవరూ పల్లెత్తు మాట అనరు. పళ్ళెం మాత్రం అక్క చేతికి రాకుండా చూసుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం గారెలు వేస్తూనే ఉండేది.

సరే, కథలోకి వద్దాం. హాస్టలు వార్డెను సుభాషిణి మేడం ఒకరోజు రోడ్డు దాటి వచ్చి, "మా పిల్లలు రోజూ ఉండలు కట్టిన ఉప్మా తినలేక చస్తున్నారమ్మా. మీ పిండి ఇస్తే ఇడ్లీ పెట్టుకుంటాం" అంది. మాకు ఇటువైపున్నవి నాలుగిళ్ళు, రెండు టిఫిను బళ్ళు. వాటితో గ్రైండర్ల కరెంటు ఖర్చే రాదు. హాస్టలు ఉంటేనే కంపెనీ ఉంటుంది, లేకపోతే మూతే. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. నెల తిరక్కుండానే హాస్టలు పైఆఫీసునుంచి మా బిల్లు తిరిగొచ్చింది. దానిమీద ఎర్రసిరాతో "పరరాష్ట్ర సంస్థ. స్వాగతం పొందలేదు" అని రాసి ఉంది.

అటు రాష్ట్రంలో అంతకుముందే వ్యాపార స్వాగతోద్యమం ఒకటి మొదలైంది. "రండి, మా దగ్గర వ్యాపారం చేసుకోండి" అని గోడగోడకీ రాతలు. ఎవరైనా వస్తే స్వాగతించడానికి ఒక నియమావళి, ఒక కార్యాలయం, ఒక స్వాగతాధికారి. కార్యాలయం తెరిచి ఆర్నెల్లయినా ఎవరూ రాలేదట. మేం గుమ్మం తొక్కేసరికి ఒక బంట్రోతు పన్నీరుబుడ్డి పట్టుకుని పరుగున వచ్చి ఇద్దరి మొహాలమీదా చల్లాడు. ఆర్నెల్లనాటి పన్నీరు. దాని వాసన గురించి ఇక్కడ రాయను.

స్వాగతాధికారి పీతాంబరంగారు లేచి నిలబడి మరీ నమస్కరించారు. "దయచేయండి, దయచేయండి. మీ సంస్థ ఆగమనం మా రాష్ట్ర పారిశ్రామిక చరిత్రలో ఒక మహత్తర ఘట్టం. ఇంతకూ సంస్థ ఎక్కడ?"

"ఎదురుగానేనండీ, రోడ్డవతల" అన్నాను.

"అలా కాదమ్మా. చట్టం దృష్టిలో సంస్థ అనగా ఒక వ్యక్తి. మీరు వేరు, అది వేరు. స్వాగతం పొందవలసినది అది. దరఖాస్తుదారు స్వయముగా హాజరు కావలెనని నాలుగవ నియమం ఘోషిస్తున్నది. సంస్థను తోడ్కొని రండి."

బయటికొచ్చాక అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమే, కంపెనీని ఎట్లా తోలుకురావాలే? గ్రైండరు తేవాలా?"

"గ్రైండరు మనం రేపు మార్చేస్తాం. అది కంపెనీ ఎట్లా అవుద్ది?"

"మరి షెడ్డో?"

"షెడ్డు అద్దెది."

మారనిది, మాదైనది, పేరున్నది ఏదా అని ఆలోచిస్తే చివరికి బోర్డే తేలింది. మర్నాడు అక్క బోర్డును పాత పట్టుచీరలో చుట్టి, చంకనేసుకుని రోడ్డు దాటింది. బంట్రోతు ఈసారి బోర్డుమీద కూడా పన్నీరు చల్లాడు.

పీతాంబరంగారు బోర్డును చూసి ఏమాత్రం చలించలేదు. నేనేమో ఆయన తిడతాడని, కనీసం నవ్వుతాడని అనుకున్నాను. ఆయన కుర్చీ వేయించి దానిమీద బోర్డును కూర్చోబెట్టించారు. తరవాత ఫొటో తీయించారు. చెవులు రెండూ కనబడాలని నియమమట. బోర్డు తగిలించే కొక్కేలు రెండూ కనబడేట్టు సర్ది, "ఇప్పుడు సక్రమంగా ఉన్నది" అన్నారు.

"పుట్టుమచ్చలు?"

నేను బోర్డంతా వెతికాను. కుడి మూల తుప్పు మచ్చ ఒకటి, కింద రంగు పెచ్చూడిన మచ్చ ఒకటి దొరికాయి. రెండూ రాసుకున్నారు.

"స్త్రీయా, పురుషుడా? మల్లె అని ఉన్నది కావున స్త్రీ అని భావిస్తున్నాను. తండ్రి పేరు?"

"తండ్రి లేడండీ. భాగస్వాములం మేమిద్దరమే" అన్నాను.

"తండ్రి లేని ఆడబిడ్డకు మా ప్రభుత్వంలో ప్రత్యేక ఆదరణ కలదు. తల్లి పేరు? ఒక్కరి పేరే రాయవలెను."

నాకు మగపిల్లలు ఇద్దరున్నారు. ఇంకొకరికి తల్లినయ్యే ఓపిక లేదు. ఏదో ఒకటి రాసుకోండి అనబోతున్నాను.

"మాణిక్యం" అంది అక్క.

పీతాంబరంగారికి వినబడలేదు. "ఎవరూ?" అన్నారు.

"మాణిక్యం అండీ. తల్లిని నేనే" అని ఈసారి బంట్రోతు తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది. ఆయన రాసుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో పన్నీరు పడిందని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు.

పుట్టిన తేదీ దగ్గర పీతాంబరంగారి కలం ఆగింది. కంపెనీ రిజిస్టరైన తేదీ చూసి, వేళ్ళమీద లెక్కపెట్టి, కళ్ళజోడు తీశారు. "అమ్మా, దరఖాస్తుదారు మైనరు. దీనికి నిండా మూడేళ్ళు లేవు."

"కంపెనీకి వయసేంటండీ?"

"వ్యక్తి అన్న తరువాత వయస్సు ఉండక తప్పదు కదా! మైనరుకు స్థానిక సంరక్షకులు ఉండవలెను. వారు ఈ రాష్ట్రపు చిరునామాలో ఉండి, సంస్థ పేరున వచ్చు సమస్త తాఖీదులను అందుకొనవలెను."

సుభాషిణి మేడం సంరక్షకురాలిగా సంతకం పెట్టింది. "మా పిల్లల ఇడ్లీ కోసం కన్నతల్లిని అవ్వమన్నా అవుతాను" అంది. తాత్కాలిక అనుమతి ఇచ్చారు. పిండి రోడ్డు దాటింది. హాస్టల్లో ఇడ్లీలు పొంగాయి. ఇక్కడితో కథ కంచికి చేరవలసిందే. పీతాంబరంగారి నియమావళిలో ఇంకా పేజీలు మిగిలి ఉండడంవల్ల చేరలేదు.

రెండేళ్ళ పిల్ల కనుక అంగన్‌వాడీ కార్డు తెమ్మన్నారు. అంగన్‌వాడీ టీచరు బోర్డును చూసి మొదట మా ఇద్దరి ఆరోగ్యం గురించి అడిగింది. పీతాంబరంగారి ఉత్తరం చూపించాక నోరు మూసుకుని తక్కెడ తెచ్చింది. పైనుంచి కాగితం వచ్చాక ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం! తూచింది. రేకు బోర్డుకు బరువెంతుంటుంది? ఆ వయసుకు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. "తీవ్ర పోషకాహార లోపం" అని ఎర్రగడిలో చుక్క పెట్టి, రోజుకో గుడ్డు, పాలు, నెలకో బాలామృతం పొట్లం రాసిచ్చింది.

"నా బిడ్డకేం తక్కువ? నా బిడ్డ పేరు చెప్పుకుని రెండొందలమంది తింటున్నారు!" అని అక్క ఇంటికి వచ్చేదాకా రుసరుసలాడింది. గుడ్డు మా చిన్నాడు తిన్నాడు.

ఆఖరున దరఖాస్తులో మిగిలింది ఒకే ఒక్క గడి. "ప్రస్తుతం చేయుచున్న పని." అది నింపింది నేనే. కాస్త గొప్పగా ఉంటుందని, "రోజూ తెల్లవారకముందే లేచి, రెండు వందలమందికి సరిపడా పిండి రుబ్బి, మూత పెట్టి, స్వయంగా చేరవేయును. ఆదివారం కూడా సెలవు లేదు" అని రాశాను. ఇంతకంటే మంచి మాట ఏ కంపెనీ గురించి అయినా ఎవరైనా రాస్తారా? ఆ మాటే మా కొంప ముంచింది.

ఖరారు స్వాగతానికి రమ్మంటే వెళ్ళాం. అక్క బోర్డుకు తలంటినట్టు చింతపండు పెట్టి తోమి, కొక్కేనికి మల్లెమాల చుట్టింది. లోపల పీతాంబరంగారితోపాటు కార్మికశాఖవాళ్ళు, శిశుసంక్షేమంవాళ్ళు, ఒక ఫొటోగ్రాఫరు ఉన్నారు. స్వాగతం ఘనంగానే చేస్తున్నారని సంతోషించాను, తెలివి తక్కువదాన్ని.

కార్మికశాఖ ఆయన ఫైలు చదివి, జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "రెండేళ్ళ ఆడపిల్ల! తెల్లవారకముందే లేచి! ఆదివారం కూడా సెలవు లేకుండా! ఇరవై ఏళ్ళ నా సర్వీసులో ఇంతటి ఘోరాన్ని ఎరుగను. సదరు బాలికను తక్షణమే వెట్టిచాకిరీనుండి విముక్తురాలిని చేయుచున్నాము."

అక్క ఒళ్ళోంచి బోర్డు లాగబోయారు. అక్క వదల్లేదు. వాళ్ళూ వదల్లేదు. "అయ్యో, మూల వంగిపోద్దిరా నాయనా!" అని అక్కే వదిలేసింది. ఆ ఒక్క మాటతోనే కన్నతల్లి ఎవరో తేలిపోవాలి. ఆ లెక్కన తేల్చే నియమం వాళ్ళ పుస్తకంలో లేదట. ఫొటో తీసుకున్నారు. మర్నాడు పేపర్లో "బాలికకు విముక్తి" అని పడింది. బోర్డు అందులో కాస్త బెదిరినట్టే ఉంది మరి.

బోర్డును శిశు సంరక్షణాలయంలో పెట్టారు. అది హాస్టలు గోడకు ఆనుకునే ఉంది. గ్రైండరు తిప్పితే తల్లిమీద కేసు పెడతామని తాఖీదు కూడా వచ్చింది. మర్నాటికని నానబోసిన పప్పు, అప్పటికే రుబ్బి మూతపెట్టిన పిండి అలాగే ఉన్నాయి. కాగితం ఆగమంటే మనుషులం ఆగుతాం కానీ, పిండి ఆగుతుందా? పులిసి, పొంగి, మూతలు తోసుకుని షెడ్డంతా పారింది. దాన్ని కడగడానికి మాకు రెండు రోజులు పట్టింది. రోడ్డవతల ఆడపిల్లలు మళ్ళీ ఉప్మా ఉండలతో కుస్తీ మొదలుపెట్టారు. ఇటువైపు బళ్ళవాళ్ళు వేరే చోట పిండి చూసుకున్నారు. అక్క షెడ్డు గోడమీద బోర్డు ఉండే చోట ఖాళీని చూస్తూ కూర్చునేది. ఇంకో వారం ఇట్లాగే ఉంటే కంపెనీ లేదని నాకు తెలుసు.

శిశుసంక్షేమ సమితి విచారణకు పిలిచింది. బల్లకు అటు సమితి అధ్యక్షుడు, పక్కన పీతాంబరంగారు, వెనక మళ్ళీ ఆ ఫొటోగ్రాఫరు. ఇటు మేము, సంరక్షకురాలిగా సుభాషిణి మేడం. మధ్యలో కుర్చీలో బోర్డు.

అధ్యక్షుడు మెత్తని మనిషి. "అమ్మా, మీకు సులువైన మార్గం ఒకటున్నది. సంస్థను రద్దు చేయుచున్నామని ఒక్క కాగితం ఇవ్వండి. సంస్థ లేకపోతే మైనరు లేదు. మైనరు లేకపోతే కేసు లేదు. తరవాత మీ ఇష్టం వచ్చిన పేరుతో ఇంకొకటి పెట్టుకోవచ్చును."

నాకు బాగానే ఉందనిపించింది. సంతకం పెట్టేద్దామని కలం తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, ఇది మనిషి కాదు, రేకు ముక్క అని నాకు తెలవదనుకున్నారా?" అంది. "మనిషని మీరన్నారు. పుట్టుమచ్చలు మీరు చూశారు. తల్లెవరని మీరడిగారు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినోళ్ళు లేరయ్యా! ఏ కాగితంలో ఆ గడి వచ్చినా గీత కొట్టుకుంటా వచ్చినదాన్ని నేను. రాసుకున్నది మీరే, ఇప్పుడు చంపుకోమంటున్నదీ మీరేనా? ఇంకోటి పెట్టుకోమంటారా? బిడ్డనుకున్నారా, బొగ్గుల కుంపటనుకున్నారా?"

ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

అధ్యక్షుడు నియమావళి పేజీలు తిప్పి, "నియమం ప్రకారం బాలిక అభిప్రాయం తెలుసుకొనవలెను" అన్నాడు. బోర్డువైపు వంగి, "అమ్మాయీ, ఎవరి దగ్గర ఉంటావు?" అని అడిగాడు. అందరం ఎదురుచూశాం. నిజం చెప్పొద్దూ, నేను కూడా చూశాను. జవాబు రాలేదు.

"మౌనం అర్ధాంగీకారం" అన్నారు పీతాంబరంగారు.

"అర్ధమే కదా! ఏ సగానికి అంగీకరించినట్టు?" అన్నాడు అధ్యక్షుడు. అది తేలేదాకా బాలిక సంరక్షణాలయంలోనే ఉండాలనీ, పని చేయరాదనీ, తల్లి రోజూ వచ్చి చూసుకోవచ్చుననీ, ఇంటినుంచి తినడానికి ఏమైనా తెచ్చుకోవచ్చుననీ ఉత్తర్వు రాయించాడు. చివర్న ఒక మాట చేర్చాడు. "ఒక బిడ్డకు తెచ్చిన ఆహారమును తక్కిన బిడ్డలకు పంచకుండా పెట్టరాదు."

సంరక్షణాలయానికీ హాస్టలుకూ వంటిల్లు ఒక్కటే. సుభాషిణి మేడం నావైపు చూసింది. నేను అక్కవైపు చూశాను. అక్క అప్పటికే లేచి చీరకొంగు బిగిస్తోంది.

మర్నాడు పొద్దున్నే అక్క బిడ్డను చూడ్డానికి వెళ్ళింది. తల్లి మనసు కదా, బిడ్డకు తినడానికని కాస్త పిండి పట్టుకెళ్ళింది. నాలుగు పెద్ద డబ్బాలు. బిడ్డ ముట్టలేదు. తక్కిన బిడ్డలకు పంచక తప్పలేదు. కంపెనీ పేరుతో గ్రైండరు తిరగలేదు. తల్లి తన బిడ్డకోసం ఇంట్లో పిండి రుబ్బుకోవడం ఏ రాష్ట్రంలోనూ నేరం కాదు.

ఇక డబ్బాలు. ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపే ఆనవాయితీ మా బజారులో గీతకు ఇటూ లేదు, అటూ లేదు. చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. సుభాషిణి మేడం మర్యాద తెలిసిన మనిషి. డబ్బాలు తిరిగొచ్చినప్పుడు వాటిల్లో బియ్యం, మినప్పప్పు ఉండేవి. నెలాఖరున వచ్చే డబ్బాలో ఏముండేదో నేను చెప్పను. మొత్తానికి ఖాళీగా మాత్రం వచ్చేది కాదు.

ఏడాది ఇలాగే గడిచింది. హాస్టలు పిల్లలు బోర్డుకు జడగంటలు కట్టారు, మూడో పుట్టినరోజు చేశారు. ఆ రోజు హారతిచ్చింది మా అక్కే. పళ్ళెం చేతికిచ్చింది నేను.

ఆ ఏడాది స్వాగతాధికారి కార్యాలయానికి ప్రథమ బహుమతి వచ్చింది. వచ్చిన ప్రతి పరరాష్ట్ర సంస్థకూ కూడు, గూడు, గుడ్డ, వైద్యం కల్పించిన ఏకైక కార్యాలయం అదేనట. వచ్చింది మేమొక్కళ్ళమే కనుక లెక్క తప్పనడానికి లేదు. బహుమతి తాలూకు శాలువా కప్పుకునే పీతాంబరంగారు చివరి ఉత్తర్వు చదివారు.

"సదరు బాలిక సంవత్సరకాలము ఈ రాష్ట్రమున నివసించి స్థానికురాలైనది. స్థానికులకు పరరాష్ట్ర స్వాగతము అవసరము లేదు. తల్లికి ఇంటిపనిలో సాయము చేయుట బాలకార్మికము కాదు. కావున బాలికను తల్లికి అప్పగించడమైనది."

ఏడ్చానో నవ్వానో నాకే తెలియలేదు. అక్క బోర్డును చంకనేసుకుంది. హాస్టలు పిల్లలు గేటుదాకా వచ్చి చేతులూపారు. తెల్లగీత దాటి మా వైపు అడుగు పెట్టామో లేదో, ఎవరో నా మొహంమీద పన్నీరు చల్లారు.

పక్క రాష్ట్రానికి బహుమతి వస్తే మా రాష్ట్రం ఊరుకుంటుందా? మా షెడ్డు పక్కనే కొత్త స్వాగత కార్యాలయం తెరిచారు. వాళ్ళకు ఒక పన్నీరుబుడ్డి ఉంటే మావాళ్ళు రెండు పెట్టారు. కొత్త స్వాగతాధికారి చేతులు జోడించి, "పరరాష్ట్ర సంస్థకు సుస్వాగతం" అన్నాడు.

"పరరాష్ట్రం ఏంటయ్యా? ఇది ఇక్కడ పుట్టిన పిల్ల!" అని అరిచాను.

"పుట్టుక ఇచ్చట కావచ్చును. తాజా ఉత్తర్వు ప్రకారం బాలిక అచ్చటి స్థానికురాలు. దయచేసి కూర్చోబెట్టండి. ఫొటోలో చెవులు కనబడవలెను."

నోటికొచ్చినట్టు తిట్టబోయాను. అక్క మాత్రం అప్పటికే బోర్డును కుర్చీలో కూర్చోబెట్టి, జడగంటలు సర్దుతోంది.

"తల్లి పేరు?" అని అడిగాడు కొత్తాయన.

"మాణిక్యం" అంది అక్క. ఆయన సరిగ్గా రాశాడో లేదో తొంగిచూసి, నావైపు తిరిగింది.

"ఏమే పేరిందేవీ, మన దేశంలో మొత్తం రాష్ట్రాలెన్నే?"